తొమ్మిది వందల చిల్లర కోట్ల మాస్టారు

ఇదొక మహాకావ్యం. ఇందులో తొమ్మిది వందల కోట్లకు పైబడ్డ సైన్యం ఉంది. దాన్ని చీల్చడానికి ఒకరి తరవాత ఒకరుగా వచ్చి ఓడిపోయిన వీరులున్నారు. బీట వారని కోట ఉంది. ఆ గోడకి బీట ఎక్కడుందో కనిపెట్టిన పదిహేనేళ్ళ అమ్మాయి ఉంది. గోదావరి పాయలైన గౌతమికీ వైనతేయానికీ మధ్య నేల దద్దరిల్లిన యుద్ధం ఉంది.

అబద్ధం. ఏదీ దద్దరిల్లలేదు. ఇది మా బండారులంకలో లెక్కల ట్యూషన్ చెప్పిన ఒక మాస్టారి సెల్ ఫోన్ నంబరు గురించి. ఆ నంబరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివర్లో తెలుస్తుంది, పెద్ద రహస్యమేమీ కాదు.

గత వారం వాట్సాప్‌లో ఎవరి నంబరో వెతుకుతుంటే "లెక్కల మాస్టారు" అన్న పేరు తగిలింది. ఆ పేరు పక్కన గుండ్రంలో ఎప్పుడూ ఆయన ముఖమే ఉండేది. పాస్‌పోర్టు ఫోటోని మళ్ళీ ఫోటో తీసి పెట్టుకున్నారు, నుదుటి మీద స్టాప్లర్ పిన్ను గుర్తుతో సహా. ఇప్పుడక్కడ ఒక రొయ్య ఉంది. మనిషి పోయి ఏడాది దాటింది కాబట్టి మార్పు రావచ్చు గానీ, ఇంత మార్పు వస్తుందనుకోలేదు. నిజం చెప్పాలంటే రొయ్యే కాస్త ప్రసన్నంగా ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే చెప్పడం మన మర్యాద. ఆయన సంస్మరణ సభలో అందరూ ఆ మర్యాద పాటించారు. ఫ్లెక్సీ కొట్టిన కుర్రాడు మాత్రం పాత ట్యూషన్ ప్రకటనే తీసుకుని, ఫోటోకి దండ తగిలించి, పైన "అశ్రునివాళి" అని చేర్చాడు. కింద "అడ్మిషన్లకు సంప్రదించండి" అన్న వాక్యమూ, ఆ నంబరూ అలాగే ఉండిపోయాయి. అడ్మిషన్లు ఎక్కడికో చెప్పలేదు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఆయన ప్రధాన సంఖ్య లాంటి మనిషండీ! ఎవరికీ లొంగని మనిషండీ!" అన్నారు. నాకు దగ్గొచ్చింది. పక్కవాళ్ళు దుఃఖమనుకుని మంచినీళ్ళిచ్చారు.

ఆ సభకి మా పక్కింటి దుర్గ రాలేదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని లెక్కలు చదవాలన్నది దుర్గకున్న ఒకే ఒక్క కోరిక. దాన్ని ఆపింది ఆ మాస్టారు. అందుకే ఆయన గురించి నేను మర్యాద లేకుండా రాస్తున్నాను.

ప్రధాన సంఖ్య అంటే చిన్నప్పుడు చదువుకున్నదే. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితో భాగించినా ఎంతో కొంత మిగిలిపోయే సంఖ్య. ఏడు అలాంటిది, పదమూడు అలాంటిది. మాస్టారి దృష్టిలో ఈ లోకంలో గౌరవించదగ్గవి అవే. మనుషుల్లో అలాంటి వారు ఒక్కరే, ఆయన ఎవరో మనం అడగక్కర్లేదు, ఆయనే చెప్పేవారు.

మా వైపు ఎవరు బండి కొన్నా, సిమ్ము కొన్నా ముందు అడిగేది "టోటల్ ఎంత?" అని. నంబరులోని అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి. వస్తే లక్ష్మీదేవి. ఎనిమిది వస్తే శనిదేవుడు. మా వీధిలో ఒకాయన కొత్త బండి తెచ్చి, గుళ్ళో పూజ చేయించి, టైరు కింద నిమ్మకాయలు పెట్టుకుని మాస్టార్ని ఆశీర్వదించమని పిలిచాడు.

"టోటల్ తొమ్మిదొచ్చిందండి, మాస్టారూ! ఆయ్!"

మాస్టారు నంబరు ప్లేటు వైపు చూశారు. చెవి మీద సుద్దముక్క తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నారు. ఏదైనా తీర్పు చెప్పే ముందు ఆయన చేసే పని అది.

"టోటల్ తొమ్మిదంటే తొమ్మిదితో పోద్దని అర్థం. అంతే. మూడుతోనూ పోద్ది. ఇలా ఎవడొచ్చినా ముక్కలైపోయే నంబరుకి డబ్బెదురిచ్చి కొనుక్కున్నారన్నమాట."

నిమ్మకాయ చితికేలోగానే ఆ బండి యజమాని ముఖం చితికిపోయింది. లెక్క మాత్రం తప్పు కాదు, అంకెల మొత్తం తొమ్మిదైతే ఆ సంఖ్య తొమ్మిదితో పోతుంది. నిజాన్ని ఎక్కడ వాడితే ఎక్కువ నొప్పి పుడుతుందో ఆయనకి బాగా తెలుసు.

ఆయన నంబరు టోటల్ ఎనిమిది. అమలాపురం సెల్ షాపులో శని నంబరని ఎవరూ ముట్టుకోకపోతే ఊరికే ఇచ్చేశారు. సరిసంఖ్య కాదు, చివర మూడు. టోటల్ ఎనిమిది కాబట్టి మూడుతో పోదు. ఐదుతో పోదు. ఏడుతో, పదకొండుతో, పదమూడుతో ఆయనే భాగించి చూసుకున్నారు, పోలేదు. ఆ రోజు నుంచీ ఆ నంబరు ప్రధాన సంఖ్యేనని ఆయనకి నమ్మకం కుదిరింది. అదెంత నమ్మకమంటే, ఎవరైనా "మీ నంబరు చెప్పండి" అని అడిగితే అంకెల్లా చెప్పేవారు కాదు, సంఖ్యలా చదివేవారు.

గ్యాస్ బుక్ చేయడానికి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, "మొబైల్ నంబర్ చెప్పండి సార్" అనేది.

"రాసుకో. తొమ్మిది వందల..."

"తొమ్మిది, సున్నా, సున్నా..."

"సున్నాలు కావమ్మా! కోట్లు! తొమ్మిది వందల చిల్లర కోట్లు. ఆ పైన లక్షలు. మొత్తం విను ముందు."

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసేది. ఆయన కట్టెల పొయ్యి మీద వండుకునేవారు.

ఫోన్‌కి సంబంధించి ఆయన్ని సంతోషపెట్టిన విషయం ఒక్కటే, రీచార్జ్ ఇరవై ఎనిమిది రోజులకి రావడం. ఊరంతా నెలకి రెండు రోజులు కొట్టేస్తున్నారని కంపెనీని తిడుతుంటే ఈయన మెచ్చుకునేవారు. "ఒకటీ, రెండూ, నాలుగూ, ఏడూ, పధ్నాలుగూ. తనని వదిలేస్తే ఇరవై ఎనిమిదిని భాగించేవి ఇవి. కూడి చూడండి, మళ్ళీ ఇరవై ఎనిమిదే. పరిపూర్ణ సంఖ్య! కంపెనీలో ఎవడో చదువుకున్నవాడున్నాడు," అనేవారు. ఉన్నాడు, కానీ వాడు చదువుకున్నది వేరే.

మా ట్యూషను ఒక మగ్గాల ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో జరిగేది. అటు నుంచి మగ్గాల చప్పుడు, ఇటు నుంచి మొట్టికాయల చప్పుడు. చేరిన రోజే మా నాన్నల ఫోన్ నంబర్లు అడిగి, ఒక్కోటీ అన్నిటికన్నా ఏ చిన్న సంఖ్యతో పోతే ఆ సంఖ్య మాకు పేరుగా పెట్టేవారు. సగం మంది రెండుగాళ్ళం. నేనూ రెండుగాణ్ణే. దుర్గ వాళ్ళ నాన్న కువైట్ వెళ్ళేముందు టోటల్ తొమ్మిది చూసుకుని మరీ బేసి నంబరు సిమ్ము కొనుక్కున్నాడు కాబట్టి, దుర్గ పేరు మూడు.

ఒక్కటి ఒప్పుకోవాలి. మొదటి వారంలో ఆయన మమ్మల్ని నోరు తెరుచుకునేలా చేశారు. "మూడంకెల సంఖ్య ఏదైనా అనుకోండి. దాని పక్కనే మళ్ళీ అదే రాయండి. ఇప్పుడు ఏడుతో భాగించండి. పోయిందా? వచ్చినదాన్ని పదకొండుతో. పోయిందా? దాన్ని పదమూడుతో." చివరికి మేం మొదట అనుకున్న మూడంకెలే వచ్చాయి, అందరికీ. ఏడూ పదకొండూ పదమూడూ గుణిస్తే వెయ్యిన్నొకటి కాబట్టి అలా వస్తుందని ఆయన చెబుతుంటే, దుర్గ పెన్ను నోట్లో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. తనకి లెక్కల పిచ్చి పట్టింది ఆ క్షణంలోనే. అంటే పిచ్చి పట్టించిందీ ఆయనే. వెంటనే, "సరే, మీ బుర్రలకి ఇది చాలు, మూసెయ్యండి," అని దాన్ని పాడు చేసిందీ ఆయనే.

ఇక శిక్ష గురించి. ఆయన నంబరు నిజంగా ప్రధాన సంఖ్యో కాదో తేలాలంటే దాని వర్గమూలం దాకా, అంటే లక్షకి కాస్త తక్కువ దాకా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. ఆయనకి ఓపిక లేదు. పిల్లలున్నారు. ఎవరు ఆలస్యంగా వచ్చినా, ఎవరు నవ్వినా, బోర్డు దగ్గర నిలబడి ఆ పదంకెల సంఖ్యని వరసలో తరవాతి ప్రధాన సంఖ్యతో భాగించాలి. ఎక్కడిదాకా వచ్చామో ఆయన నోటికే గుర్తుండేది. భాగహారం ఎలా చేశామో చూసేవారు కాదు, ఆఖర్న మిగిలిన శేషం మాత్రం చూసేవారు. శేషం ఏదో ఒకటి ఉంటే, "ఊఁ, కూర్చో." సున్నా ఉంటే ఒక మొట్టికాయ వేసి, "తప్పు చేశావు. మళ్ళీ చెయ్యి."

ఈ పద్ధతిలో ఏ సంఖ్యయినా ప్రధాన సంఖ్యే అవుతుందని మాకు రెండో వారానికే అర్థమైంది. సగం దూరం భాగించి, ఆఖర్న ఏదో ఒకటి వేసి కూర్చునేవాళ్ళం. నేనెప్పుడూ పదకొండు వేసేవాణ్ణి. ఒకడు పదిహేడుతో భాగించి పంతొమ్మిది మిగిలిందని వేశాడు. అది మాత్రం పట్టేసుకున్నారు. ఎంతైనా లెక్కల మాస్టారు.

అలా అలా వెయ్యి దాకా వచ్చేశాం. వెయ్యిలోపు ఏదీ తన నంబర్ని కదపలేకపోయిందని ఆయన పండగ చేశారు. ఒకే ఒక్క పూతరేకు తెచ్చి బ్యాచ్ మొత్తానికీ సమానంగా పంచబోయారు. పూతరేకుని భాగిస్తే శేషం ఒక్కటే వస్తుంది, చొక్కా నిండా పొడి.

ఆ మర్నాడు దుర్గ ఆలస్యంగా వచ్చింది. వెయ్యి దాటాక మొదటి ప్రధాన సంఖ్య వెయ్యి తొమ్మిది. అది తన వంతైంది.

దుర్గ భాగహారం చేస్తుంటే చూడ్డం చాలా విసుగు. మాలో అందరికన్నా నిదానం. ప్రతి గుణకారం పక్కన మళ్ళీ వేసి సరిచూసుకుంటుంది. దొంగ శేషం వెయ్యొచ్చని తనకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా చెవినెక్కించుకునే రకం కాదు. పక్కన మగ్గం ఆగింది, మళ్ళీ మొదలైంది. అప్పటికి పూర్తయింది.

"సున్నా అండీ," అంది.

"సున్నా ఏమిటి?"

"శేషమండీ. సున్నా వచ్చిందండీ."

మొట్టికాయ. "తప్పు. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేసింది. అంతే నిదానంగా.

"ఇప్పుడెంత?"

"సున్నానేనండీ."

"నా నంబరికి సున్నా రాదు."

"మీ నంబరికే వచ్చిందండీ."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. నేను ముందు బెంచీలో ఉన్నాను, గొంతు తగ్గించి, "పదకొండు వేసెయ్యవే, ఇంటికి పోదాం," అన్నాను. దుర్గ వెనక్కి తిరిగి పైకే అంది, "రాని పదకొండు ఎందుకేస్తార్రా?"

మాస్టారు లేచారు. తన చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నారు. "అందరూ ఇటు చూడండి. భాగహారం ఎలా చేస్తారో ఈ మూడుకి నేను చూపిస్తాను," అని తుడిచి మొదలుపెట్టారు. ఆయన చేయి చాలా వేగం. అంకె వెనక అంకె దింపుకుంటూ, గుణకారాలు గొణుక్కుంటూ, టకటకా గీతలు గీసుకుంటూ వెళ్ళారు. ఆఖరి మెట్టు దగ్గరికొచ్చేసరికి ఏడు వందల ఆరు మిగిలింది. దాని పక్కన ఆఖరి అంకె మూడు దింపారు. ఏడు వేల అరవై మూడు.

ఆగిపోయారు.

వెయ్యి తొమ్మిది ఏడులు ఎంతో రెండుగాళ్ళకి కూడా వస్తుంది. వెయ్యి ఏడులు ఏడు వేలు, తొమ్మిది ఏడులు అరవై మూడు. బ్యాచ్ మొత్తం మనసులో ఆ లెక్క వేస్తున్న చప్పుడు నాకు వినపడింది. ఆయన సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నారు. తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత భుజం మీది తువ్వాలు తీసుకుని బోర్డు మొత్తం తుడిచేశారు, పై నుంచి కింద దాకా, మూలలతో సహా. అంత శుభ్రంగా ఆ బోర్డు ఎప్పుడూ లేదు.

"టైమైపోయింది. వెళ్ళండి," అన్నారు.

ఆయన మీద నాకున్న కోపమంతా ఆ తువ్వాలు దగ్గరే ఉంది. నంబరు ప్రధాన సంఖ్య కాకపోవడం ఆయన తప్పు కాదు. తెలియకపోవడం కూడా తప్పు కాదు. కానీ ఆయనకి తెలిసింది, మా అందరి ముందే తెలిసింది.

మర్నాడు సాయంత్రం ఆయన దుర్గ వాళ్ళింటికి వెళ్ళారు. మాది పక్కిల్లే, అరుగు మీద కూర్చుంటే అన్నీ వినపడతాయి, చాలావరకు కనపడతాయి కూడా. దుర్గ వాళ్ళమ్మ సత్యవతి పిన్ని రాట్నం దగ్గర కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. మాస్టార్ని చూసి గబగబా లేచి కుర్చీ వేసింది.

"సత్యవతిగారూ, పిల్లకి భాగహారం రావట్లేదు. ఎంపీసీలో వేస్తే మీ ఆయన కువైట్‌లో పడే కష్టమంతా తీసుకెళ్ళి కాలవలో పోసినట్టే. సీఈసీలో వేసేయండి."

"అదేటండీ మాస్టారూ, స్కూల్లో లెక్కల్లో బాగానే వస్తన్నాయంటందండి?"

"మార్కులు వేరు, బుర్ర వేరు."

"అమ్మా, నాకు వచ్చిన సున్నా కరెక్టే. ఆయనే బోర్డు తుడి..." అని దుర్గ ఏదో చెప్పబోయింది.

"నోర్ముయ్యి! మాస్టారిగారి ముందు సున్నా గిన్నా అంటావేటి? సున్నా వచ్చిందని గొప్పగా చెప్పుకుంటంది చూడండి." పిన్ని ఆయన వైపు తిరిగింది. "ఆయ్, మీరు చెప్పేక ఇంకేముందండి. అలాగే చేస్తామండి. కాఫీ తాగుతారా అండీ?"

"పంచదార తక్కువ," అన్నారు మాస్టారు.

అంతే. ఒక మనిషి చదువు దారి మళ్ళడానికి కాఫీ కాచేంత సమయం కూడా పట్టలేదు. కువైట్ నుంచి వాళ్ళ నాన్న కూడా, "మాస్టారు ఆలోచించే చెప్పుంటారు," అన్నాడు. దుర్గ సీఈసీలో చేరింది. నాకు మాత్రం మంచి లెక్కల బుర్ర ఉందని మాస్టారు మా నాన్నతో చెప్పి ఎంపీసీలో వేయించారు. ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో నాకు పదకొండు మార్కులొచ్చాయి.

ఆయన మాత్రం మారలేదు. వెయ్యి తొమ్మిది పేరెత్తకుండా తరవాతి సంఖ్యకి వెళ్ళిపోయారు. తరవాతి బ్యాచ్‌లకీ అదే శిక్ష, అదే "తొమ్మిది వందల చిల్లర కోట్లు." మీద వేసుకునే తువ్వాలు మాత్రం మార్చారు.

మళ్ళీ రొయ్య దగ్గరికి వస్తాను. ఆ ఫోటో చూశాక చేయి ఊరుకోలేదు. సంఖ్య ఇస్తే ముక్కలు చేసి చూపించే సైటొకటి ఉంది, అందులో మాస్టారి నంబరు వేశాను. ఏళ్ళ తరబడి పిల్లల చేత చేయించిన పని అది రెప్ప వేసేలోగా చేసింది. వెయ్యి తొమ్మిది ఇంటూ ఇంకో ఏడంకెల సంఖ్య, అంతే, రెండే ముక్కలు. వెయ్యిలోపు మేం వేసిన దొంగ శేషాలు కోటలో ఏ బీటనీ దాచలేదు, అక్కడ బీటే లేదు. పడాల్సిన చోట పడ్డ దెబ్బ ఒక్కటే, దుర్గది.

ఇంత గొప్ప విజయవార్త ఫోన్‌లో చెప్పకూడదని అమలాపురం వెళ్ళాను. దుర్గ ఇప్పుడు అక్కడ బస్టాండు దగ్గర సెల్ షాపులో పనిచేస్తోంది. ఎవరి ఫోన్‌కో టెంపర్డ్ గ్లాస్ అంటిస్తోంది, చిన్నప్పుడు భాగహారం చేసినంత నిదానంగా. నా ఫోన్ ముందు పెట్టాను. ఓసారి చూసి మళ్ళీ గ్లాసు కింద గాలిబుడగని పక్కకి తోసుకుంది.

"నాకప్పుడే తెలుసు కదరా. సున్నా వచ్చింది కదా."

"అంతేనా? కోపం లేదా?"

"ఎందుకు లేదు? బోలెడుంది. అయితే ఏం చెయ్యమంటావు, ఆయన్ని లేపి చెప్పమంటావా?"

"మీ అమ్మకైనా చెప్పొచ్చు కదా."

"మా అమ్మా? ఆ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అడిగి తెచ్చుకుంది. వానొస్తే నూలు మీద కప్పుతోంది. మాస్టారిగారి చలవ వల్ల నూలు తడవట్లేదంట."

ఇంక నేనే న్యాయం చెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఆ నంబరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఎత్తింది ఐ.పోలవరం దగ్గర రొయ్యల మేత అమ్ముకునే ఆయన.

"ఆయ్, చెప్పండి. ట్యూషనైతే మాది కాదండి. రోజూ ఎవరో ఒకరు ఫీజెంతండీ అని చేస్తన్నారు. నేను మేత రేటు చెప్పేత్తన్నానండి."

"ఈ నంబరు మీకెలా వచ్చిందండీ?"

"టోటల్ ఎనిమిదని ఎవరూ తీసుకోలేదంటండి. షాపాయన ఊరికే ఇచ్చేరండి."

నేను గొంతు సవరించుకున్నాను. "మీకొక విషయం చెప్పాలండీ. మీ నంబరు ప్రధాన సంఖ్య కాదండీ. వెయ్యి తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది."

ఆయన రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడుకి కాస్త దూరంగా జరిగాడు.

"దానివల్ల సిగ్నలేమన్నా తగ్గుతుందాండీ?"

"లేదండీ."

"మరింకేటండీ," అని పెట్టేశాడు.

దుర్గ నవ్వింది. ఈ విషయంలో తను నవ్వగా నేను చూడడం అదే మొదలు, ఆ నవ్వు కూడా నా మీదే. నంబరు ఇక్కడ ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసుంటుంది. రాస్తే మీరూ చేస్తారు. ఆయనకి వ్యాపారం ఉంది.

"అసలు పోయిన మనిషి నంబరు ఇంకొకరికి ఎలా ఇస్తారు?" అన్నాను, కాస్త బరువైన గొంతుతో.

"రీచార్జ్ చెయ్యకుండా వదిలేస్తే కొన్నాళ్ళు చూసి కంపెనీవాళ్ళు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తార్రా. బతికున్నవాళ్ళదైనా అంతే. నీదీ రేపటితో అయిపోతోంది. వేసెయ్యనా?"

వేసెయ్యమన్నాను. ఇరవై ఎనిమిది రోజులు వస్తుంది.